సైనికుల జ్ఞాపకాలు: రికార్డు చేయడం ఒక ఎత్తు, దాచుకోవడం ఒక ఎత్తు



మీలో చాలామంది ఊళ్ళలో "మిలిటరీ ఆయన" అని పిలిపించుకునే పెద్దమనిషి ఒకరైనా ఉంటారు. ఆయన అసలు పేరు ఊళ్ళో పిల్లలకు తెలియదు. ఏటా నవంబరులో పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బయలుదేరినప్పుడో, ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేసేటప్పుడో ఆయన మిలిటరీలో పనిచేశాడన్న సంగతి అందరికీ గుర్తొస్తుంది. ఇంట్లో ఒక నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో డిశ్చార్జి బుక్కు, రిబ్బను వెలిసిపోయిన పతకాలు ఒకటో రెండో ఉంటాయి. ఆయన చూసిన మంచు, లంగర్‌లో తిన్న రొట్టె, పక్కనే పడిపోయిన స్నేహితుడు మాత్రం ఆ పెట్టెలో ఉండరు. అదంతా ఆయన నోట్లోనే ఉంది.

అలా ఒక మనిషి తాను స్వయంగా చూసినదాన్ని, చేసినదాన్ని చెబుతుండగా రికార్డు చేసి, పదిమందికీ పనికొచ్చేలా భద్రపరిచే పనిని మౌఖిక చరిత్ర అంటారు. జానపద కథల సేకరణ వేరు, ఇది వేరు. జానపద కథ తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చింది. మౌఖిక చరిత్ర చెప్పే మనిషితోనే మొదలవుతుంది, ఆయనతోనే పోతుంది.

ఎంత సమయం ఉందో లెక్క వేసి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. 1945లో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు అంటే 1927లో పుట్టినవాడు. అలాంటివారు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. 1962 చైనా యుద్ధంలో ఇరవయ్యేళ్ళ జవానుకు ఇప్పుడు ఎనభై దాటాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఉన్నవారికి డెబ్బై దాటాయి. 1999 కార్గిల్ జవాన్లు ఇంకా నడివయసులోనే ఉన్నారు. కాబట్టి ఎవరింటికి ముందు వెళ్ళాలో వేరే చెప్పనక్కరలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ 1891లో పుట్టిన మౌ ఒక సైనిక స్థావరం. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ తర్వాత కొద్దికాలానికే, 1890లలో, బ్రిటిష్ ప్రభుత్వం "యుద్ధ జాతులు" అనే పేరుతో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసింది. మళ్ళీ మహర్ రెజిమెంటు ఏర్పడింది 1941లోనే. ఆ పాత సైన్యంలో ఒక మహర్ సుబేదారు ఎలా బతికాడు, పై అధికారులు ఎలా చూశారు, చదువు మీద ఆయనకు అంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది? రాంజీ గొంతులో వినే అవకాశం మనకు లేదు. కొడుకు గొప్పవాడై ఆయన గురించి చెప్పాడు కాబట్టి ఆ కాస్తయినా తెలిసింది. అదే పల్టన్‌లో ఉన్న మిగతా వందలమంది సిపాయిల కొడుకులు పుస్తకాలు రాయలేదు.

పదో తరగతి పిల్లలు చేస్తున్న పని

అమెరికాలో ఇలాంటి పనికి చట్టమే చేశారు. 2000 అక్టోబరు 27న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో "వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్" మొదలైంది. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని నడుపుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఈ కాలపు యుద్ధాల దాకా పనిచేసిన సైనికుల జ్ఞాపకాలు ఇప్పటికి లక్షకు పైగా అక్కడ చేరాయి.

విశేషమేమిటంటే ఆ ఇంటర్వ్యూలు చేసేది జీతం తీసుకునే ఉద్యోగులు కాదు. ఊళ్ళలో ఉండే మామూలు జనం, మనవలు, మనవరాళ్ళు, విద్యార్థులు. పదో తరగతి, ఆ పైన చదివే ఎవరైనా ఇంటర్వ్యూ చేసి పంపవచ్చునని నియమం. మన హాస్టల్లో పదో తరగతి వాళ్ళను చిన్నపిల్లలని పక్కన పెట్టేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

నియమాలు కొన్నే, కానీ గట్టివి. రికార్డింగు కనీసం 30 నిమిషాలు ఉండాలి. మధ్యలో కత్తిరించకూడదు. దానితోపాటు కాగితాలు జతచేయాలి: సైనికుడి వివరాల పత్రం, సైనికుడూ ఇంటర్వ్యూ చేసినవారూ ఇద్దరూ సంతకం చేసే అనుమతి పత్రాలు, ఏ నిమిషంలో ఏ విషయం వచ్చిందో రాసిన పట్టిక. 2016 నుంచి, సైన్యంలో పనిచేస్తూ చనిపోయినవారి తల్లిదండ్రులు, భార్యాభర్తలు, తోబుట్టువులు, పిల్లల మాటలు కూడా తీసుకుంటున్నారు. ఇది మన ఊళ్ళకూ బాగా వర్తిస్తుంది. మనియార్డరు కోసం పోస్టుమాను దారి చూసిన నాయనమ్మ దగ్గర కూడా ఒక యుద్ధం కథ ఉంటుంది. అది ఎవరూ అడగరు.

అమెరికా తరపున మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవారిలో ఆఖరివాడు ఫ్రాంక్ బకల్స్. 2011 ఫిబ్రవరి 27న 110 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆయన గొంతు అప్పటికే ఈ ప్రాజెక్టులో భద్రంగా ఉంది. మొదలుపెట్టడం ఇంకో పదకొండేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ యుద్ధం గురించి ఆ దేశంలో అడగడానికి మనిషి ఉండేవాడు కాదు.

ఒక అగ్నిప్రమాదం

అదే అమెరికాలో సైనికుల రికార్డులకు జరిగిన ఘోరం కూడా తెలుసుకోవాలి. 1973 జూలై 12న సెయింట్ లూయీ నగరం దగ్గర సైనికుల సర్వీసు ఫైళ్ళు దాచిన పెద్ద భవనంలో ఆరో అంతస్తు తగలబడింది. ఒక కోటి 60 లక్షల నుంచి ఒక కోటి 80 లక్షల వరకు ఫైళ్ళు నాశనమయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవారి రికార్డుల్లో నూటికి 80 పోయాయి. తడిసిన కాగితాలను ఒక విమాన కంపెనీకి చెందిన వాక్యూమ్ గదిలో ఆరబెట్టి కొన్నిటిని దక్కించుకున్నారు.

నష్టం అంత పెద్దది కావడానికి కారణం నిప్పు ఒక్కటే కాదు. ఆ ఫైళ్ళకు రెండో ప్రతి లేదు. మైక్రోఫిల్ము తీయలేదు. అసలు ఆ అంతస్తులో ఎవరెవరి ఫైళ్ళు ఉన్నాయో చెప్పే సూచిక కూడా లేదు. అంటే ఏమేం పోయిందో కూడా సరిగా తెలియలేదు. పింఛను కోసం, వైద్యం కోసం వచ్చిన ముసలి సైనికులు తాము సైన్యంలో పనిచేశామని వేరే కాగితాలతో రుజువు చేసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మన ఫోనులోని రికార్డింగుల సంగతి ఆలోచించండి. ఒకే ఫోను, ఒకే మెమరీ కార్డు, ఫైలు పేరు "ఆడియో 23". సెయింట్ లూయీ ఆరో అంతస్తుకూ దీనికీ తేడా ఏముంది?

బెర్లిన్‌లో ఒక నిమిషం గొంతు

దీనికి ఎదురు ఉదాహరణ జర్మనీలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు విదేశాలకు వెళ్ళారు. వారిలో కొందరు జర్మన్లకు పట్టుబడి బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న వున్స్‌డోర్ఫ్ శిబిరంలో ఖైదీలుగా ఉన్నారు. 1915 నుంచి 1918 దాకా విల్‌హెల్మ్ డోగెన్ అనే ఆయన, భాషా పండితులు, సంగీత పండితులు కలిసి ఇలాంటి శిబిరాల్లో తిరిగి ఖైదీల గొంతులను లక్క పళ్ళేలపై రికార్డు చేశారు. దాదాపు 1650 పళ్ళేలు, 250 వరకు భాషలు, యాసలు.

పంజాబుకు చెందిన మాల్ సింగ్ అనే సిపాయి 1916 డిసెంబరు 11న ఆ గరాటు ముందు నిలబడి ఒక నిమిషం పైచిలుకు మాట్లాడాడు. తన గురించి తానే ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పాడు. ఇంటి దగ్గర వెన్న తిన్న మనిషి యూరపు యుద్ధానికి వచ్చి చిక్కుకుపోయాడనీ, తిరిగి ఇంటికి పోవాలని ఉందనీ ఆ మాటల సారాంశం. నూరేళ్ళు దాటినా ఆ గొంతు ఈనాటికీ వినవచ్చు. 2007లో ఒక జర్మన్ దర్శకుడు దాని చుట్టూ సినిమా కూడా తీశాడు.

ఇన్నేళ్ళు అది ఎలా నిలిచింది? పళ్ళెం పగలకుండా ఉండడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ప్రతి రికార్డుకూ జతచేసిన కాగితం. మాట్లాడిన మనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు, చదువు, వృత్తి, వచ్చిన భాషలు, రికార్డు చేసిన తేదీ, చోటు అన్నీ ఒక అచ్చు పత్రంలో నింపారు. ఆ కాగితమే లేకపోతే ఈరోజు అది ఎవరో ఒక పంజాబీ మనిషి గొంతు మాత్రమే అయ్యేది. రికార్డింగులో సగం విలువ ఆ చీటీలోనే ఉంటుందని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు అనుకుంటే అది ఇదే.

అయితే ఆ పండితులను పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. వాళ్ళకు కావలసింది భాష నమూనా, మనిషి కథ కాదు. ఖైదులో ఉన్నవాడిని నిలబెట్టి మాట్లాడించారు. కాదనే స్వేచ్ఛ ఖైదీకి ఎక్కడిది? చీటీ రాయడం వాళ్ళ దగ్గర నేర్చుకుందాం. అనుమతి అడగడం మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోలేం.

మన ఊళ్ళో ఎలా చేయాలి

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న మాధవరాన్ని "మిలిటరీ మాధవరం" అనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్ళిన ఊరు. అంత పేరు లేని ఊళ్ళలోనూ ఇద్దరో ముగ్గురో మాజీ సైనికులు ఉంటారు. ఎవరున్నారో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మన ఉద్దేశం చెప్పి సలహా అడగవచ్చు.

వెళ్ళేముందే అనుమతి పత్రం తెలుగులో రాసుకోండి. దాన్ని తాతగారికి పైకి చదివి వినిపించండి. ఎవరు వినవచ్చు, ఇప్పుడే అందరికీ వినిపించవచ్చా, ఆయన తర్వాతే వినిపించాలా, మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చా అన్నవి అందులో ఉండాలి. సైనిక రహస్యాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమలులో ఉంది. అలాంటి మాట దగ్గర ఆయన ఆగితే మీరూ ఆగండి. గుచ్చి గుచ్చి అడగవద్దు. "ఇది ఆపు బాబూ" అంటే వెంటనే ఆపాలి.

గదిలో ఫ్యాను, టీవీ ఆపండి. ఫోనును విమానం గుర్తు నొక్కి ఉంచండి, లేకపోతే మంచి ఘట్టంలో ఫోను మోగుతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద, ఆయనకు మూరెడు దూరంలో పెట్టండి. మొదటి మాట మీదే: ఈరోజు తేదీ ఫలానా, ఊరు ఫలానా, మాట్లాడేవారు ఫలానా, అడిగేవారు ఫలానా అని స్పష్టంగా చెప్పండి. కాగితం పోయినా, ఫైలు పేరు మారిపోయినా, ఫైలే తన పేరు తాను చెప్పుకుంటుంది.

తేదీల దగ్గర పెద్దలు తడబడతారు. "ఏ సంవత్సరం తాతా?" అంటే చెప్పలేకపోవచ్చు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అంటే వెంటనే చెబుతారు. అది 1977 నవంబరు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, పెద్ద కొడుకు పుట్టినప్పుడు అన్నవి కూడా ఇలాగే పనికొస్తాయి. పాకిస్తాన్‌తో యుద్ధం అంటే 1965లోదా, 1971లోదా, కార్గిలా అన్నది కూడా తేల్చుకోండి. ఆయన తప్పు చెప్పారని తెలిసినా రికార్డింగును దిద్దకూడదు. పక్కన కాగితం మీద వివరణ రాయాలి, అంతే.

మాటలు కూడా అంతే. సైనికుల తెలుగులో నాయక్, హవల్దార్, పల్టన్, ఛుట్టీ, లంగర్ వంటి మాటలు నిండుగా ఉంటాయి. ఆయన "నేఫా" అంటే ఈనాటి అరుణాచల్ ప్రదేశ్. 1972 దాకా ఆ పేరుతోనే పిలిచేవారు. విన్నది విన్నట్టు రాసి, పక్కన అర్థమూ పటంలోని పేరూ రాయండి. మరో ఇరవై ఏళ్ళకు మీ తమ్ముళ్ళకు ఆ మాటలు తెలియవు.

మొత్తం మాటలను ఎత్తి రాయడం మంచిదే కానీ గంట రికార్డింగుకు చాలా గంటలు పడుతుంది. అందుకని ముందు నిమిషాల పట్టిక రాయండి. "3వ నిమిషం – ఊరు వదలడం, 11వ నిమిషం – పఠాన్‌కోట్ రైలు, చలి, 26వ నిమిషం – తమ్ముడి పెళ్ళికి సెలవు దొరకకపోవడం" ఇలా ఉంటే చాలు. పెద్ద గ్రంథాలయాలు కూడా ఈ దారే పట్టాయి. పట్టికలో మాట నొక్కితే రికార్డింగులో ఆ చోటు వినిపించే సాఫ్ట్‌వేర్‌ను 2008లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేశారు. మనకు నోటుబుక్కులో రెండు గడులు గీస్తే పని జరుగుతుంది.

ఫైళ్ళు, పేర్లు, ప్రతులు

ఫోనులో వీలుంటే వేవ్ రకంలో రికార్డు చేయండి. నాణ్యమైన వేవ్ ఫైలు గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. అదే ఎంపీ3 అయితే 60 ఎంబీ లోపే. చిన్నదిగా ఉండడానికి కారణం కొంత శబ్దాన్ని తీసి పారేయడమే. తర్వాత దాన్ని వేవ్‌గా మార్చినా పోయింది రాదు. చెరకు పిప్పిని మళ్ళీ గానుగలో పెడితే రసం వస్తుందా? వేవ్ వీలుకాకపోతే ఫోను ఇచ్చే అన్నిటికంటే మంచి నాణ్యతలో తీసి, ఆ ఫైలును అలాగే ఉంచండి. వినిపించడానికి వేరే ప్రతి చేసుకోండి. వాట్సాప్‌లో వీడియో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ప్రతిని అసలుగా దాచవద్దు.

ఫైలు పేరు అంకెల్లో పెడితే ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది: 2026-01-18-007-01. ముందు సంవత్సరం, నెల, తేదీ. తర్వాత మనిషి వరుస సంఖ్య. చివర భాగం సంఖ్య. ఇలా రాస్తే ఫైళ్ళు తమంతట తామే తేదీ వరుసలో నిలబడతాయి. 007 ఎవరన్నది రిజిస్టరులో ఉంటుంది.

రిజిస్టరు కాగితం మీద ఒకటి, కంప్యూటరులో ఒకటి ఉండాలి. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, సైన్యంలో చేరిన, విడుదలైన సంవత్సరాలు, రెజిమెంటు, హోదా, పనిచేసిన చోట్లు, ఇంటర్వ్యూ చేసినవారు, నిడివి, అనుమతి ఏ మేరకు, ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవి అందులో గడులు. పింఛను పత్రం నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ అందులో రాయవద్దు. డిశ్చార్జి బుక్కు ఫోటో తీసినా అవి కనపడకుండా కప్పి తీయండి. కంప్యూటరులో యూనికోడ్ తెలుగులోనే టైపు చేయాలి. ఒకప్పుడు మన తెలుగు ప్రెస్సుల్లో అను ఫాంట్లలో చేసిన సంచికలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అక్షరాలు పోలేదు, చదివే తాళంచెవి పోయింది.

ప్రతులు మూడు ఉండాలి. రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటైనా వేరే ఊళ్ళో ఉండాలి. హాస్టల్ బీరువాలో హార్డ్‌డిస్కు, తాతగారి ఇంట్లో పెన్‌డ్రైవు, మూడోది ఇంటర్నెట్లో దాచుకోవచ్చు. తాతగారికి ప్రతి ఇవ్వడం మర్యాద కూడా. సీడీల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో కాల్చిన సీడీ రంగు పొర కాలక్రమంలో చెడిపోతుంది, కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ పెట్టే చోటే లేదు. ఇంటర్నెట్లో ఉంది కదా అని మిగతావి చెరిపేయడమూ తప్పే. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, దాని ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి స్తంభించాయి. అంత పెద్ద గ్రంథాలయానికే అలా అయ్యింది.

ఫైలు చెడిపోయిందో లేదో వినకుండా తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. దాన్ని చెక్‌సమ్ అంటారు. కంప్యూటరు ఫైలంతా చదివి, 64 అక్షరాల, అంకెల వరుస ఒకటి ఇస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. మొదటి రోజున ఆ వరుసను కంప్యూటరు రిజిస్టరులో దాచి, ఏటా హాస్టల్ వార్షికోత్సవం వారంలో మళ్ళీ తీసి పోల్చాలి. తేడా వస్తే ఆ ప్రతి చెడింది. మంచి ప్రతినుంచి కొత్తది చేసుకోవాలి. ఐదారేళ్ళకోసారి హార్డ్‌డిస్కునూ మార్చాలి.

మన హాస్టళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి వాళ్ళు పరీక్షలు రాసి వెళ్ళిపోతారు. వార్డెన్లు బదిలీ అవుతారు. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో జూన్‌లో ఎవరికీ తెలియదు. అందుకే రిజిస్టరు చివరి పేజీల్లో అప్పగింత పట్టిక గీయాలి: అప్పగించిన ఇద్దరు, తీసుకున్న ఇద్దరు, తేదీ, మొత్తం ఫైళ్ళ సంఖ్య, హార్డ్‌డిస్కు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర. తీసుకునేవాళ్ళలో ఒకరు ఎనిమిదో తరగతి వాళ్ళయితే ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటారు. సంతకం పెట్టేముందు వాళ్ళు ఏవైనా మూడు ఫైళ్ళు తెరిచి, మొదటి నిమిషం విని, వినిపించిన పేరు రిజిస్టరులోని పేరుతో సరిపోయిందో లేదో చూసుకోవాలి.